మండలం లేని చోట పట్టా మార్పు: నా అనుభవం

దరఖాస్తులు తీసుకునే కంప్యూటరు సెంటర్‌లో కిటికీ అవతల కూర్చున్న అబ్బాయి అడిగింది ఒక్క ముక్కే. "మౌజా నా కొణొ?" మౌజా, అంటే రెవెన్యూ గ్రామం, పేరేంటని. నేను పుట్టిపెరిగింది ఒడిశాలోని పర్లాకిమిడిలోనే, బళ్లో ఒడియా చదువుకున్నాను, కాబట్టి మాట అర్థం కాకపోలేదు. కాని ముప్పై ఏళ్లుగా టెక్కలిలో కాపురం చేస్తున్నదాన్ని. అలవాటుకొద్దీ పొలం ఉన్న ఊరి పేరు చెప్పి, వెనకే "గోసాని మండలం" అనేశాను. ఆ అబ్బాయి తలెత్తి చూశాడు. లైనులో నా వెనకాల ఉన్న ముసలాయన పకపకా నవ్వాడు. "ఆంధ్రా నుంచొచ్చినారేటమ్మా? ఇక్కడ మండలాల్లేవు."

నిజమే, లేవు. మా నాన్న పొలం పట్టా మార్పించడానికి తిరిగిన పద్నాలుగు నెలల్లో నాకు అన్నిటికంటే ఆలస్యంగా బుర్రకెక్కిన సంగతి అదే.

నాన్న పోయి మూడేళ్లయింది. శ్రీకాకుళంలో ఆస్పత్రిలో పోయారు. చావు ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చెయ్యాలి గనక మరణ ధ్రువపత్రం ఆంధ్రాదే వచ్చింది. బతుకంతా ఒడిశా కాగితాల్లో గడిపిన మనిషికి చివరి కాగితం ఒక్కటీ సరిహద్దు అవతలిది. తమ్ముడు సూరత్‌లో మగ్గాల మిల్లులో సూపర్‌వైజరు. అమ్మ పర్లాలో ఒక్కతే ఉంటుంది. ఊళ్లో ఒక పెంకుటిల్లు, ఊరికి నాలుగు మైళ్ల దూరంలో ఎకరం నలభై డిసిమిళ్ల పొలం. (డిసిమిల్ అంటే ఆంధ్రాలో సెంటే. రెండూ ఎకరంలో వందో వంతే. పేరు మారేసరికి మా ఆయనకి మాత్రం పొలం తగ్గిపోయినట్టనిపించింది.) ఆ పొలం పట్టా ఇంకా మా తాత పేరునే ఉంది. నాన్న మార్పించుకోలేదు. "నా పొలం నాదని నాకు తెలీదా" అనేవారు.

అమ్మ బిస్కట్ల రేకు డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టింది. అందులో కాగితాలు ఒక్కొక్కటీ విప్పుతుంటే నాకు మొదట కాగితాల కంటే చిరునామాలే వింతగా తోచాయి. అడుగున ఉన్నది 1931 నాటి క్రయ దస్తావేజు, చక్కటి గొలుసుకట్టు తెలుగులో, "గంజాం జిల్లా పర్లాకిమిడి తాలూకా" అని. అప్పటికి మేం మద్రాసు వాళ్లం. దానిమీద ఒడియాలో పట్టా, అందులో మౌజా పేరు, థానా పేరు, థానా నంబరు, జిల్లా గంజాం. ఆపైన ఖజణా రసీదుల కట్ట, మనం శిస్తు అంటామే అవి. పాత రసీదుల్లో జిల్లా గంజాం అనీ, కొత్తవాటిలో గజపతి అనీ ఉంది. పొలం ఒక్కటే. గట్టు కూడా జరగలేదు. చిరునామా మాత్రం రెండుసార్లు మారింది.

దీని వెనక కథ పర్లాలో పుట్టినవాళ్లందరికీ ఎంతో కొంత తెలుసు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా విడి రాష్ట్రమైనప్పుడు దానికి ఉన్నవి ఆరే జిల్లాలు: కటక్, పూరీ, బాలేశ్వర్, సంబల్‌పూర్, గంజాం, కోరాపుట్. పర్లాకిమిడి జమీందారీని అప్పుడే రెండు చేశారు. ఊరూ, కొంత భాగమూ ఒరిస్సాకి వచ్చాయి, మిగతాది మద్రాసులోనే ఉండిపోయింది. మద్రాసులో మిగిలిన గంజాం ముక్కని విశాఖపట్నం జిల్లాలో కలిపారు. 1950 ఆగస్టు 15న అందులోంచి శ్రీకాకుళం జిల్లా పుట్టింది. గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితంలో ఎక్కువ భాగం గడిపింది మా ఊళ్లోనే. రాజావారి బళ్లో పాఠాలు చెప్పి, కొండల్లో సవరల భాష నేర్చి, దానికి నిఘంటువు కట్టిన మనిషి. పర్లా ఒరిస్సాలో కలిసిన ఏడాదే ఊరొదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. మహారాజా కృష్ణచంద్ర గజపతి ఇక్కడే ఉండి ఆ కొత్త రాష్ట్రానికి మొదటి ప్రధాని అయ్యారు. ఒకే ఊళ్లోంచి ఒకాయన వెళ్లిపోయారు, ఒకాయన ఏలారు. మా తాత ఏమీ చెయ్యలేదు, ఆ ఏడు కూడా వరి ఊడ్చాడు.

తర్వాత సంస్థానాలు కలిసి, 1949 నాటికి జిల్లాలు పదమూడయ్యాయి. నలభై ఏళ్లకు పైగా ఆ పదమూడే. బిజూ పట్నాయక్ ముఖ్యమంత్రిగా ఉండగా 1992 నుంచి 94 మధ్య వాటిని విడగొట్టి ముప్పై చేశారు. 1992 అక్టోబరు 2న గంజాం నుంచి మాది విడిపోయి, మహారాజా పేరుమీద గజపతి జిల్లా అయింది. నాకు అది బాగా గుర్తు, ఎందుకంటే నాన్న స్కూటరు మీద ఓఆర్ 07 ఉండేది, అది గంజాం నంబరు. తమ్ముడు కొన్న బండికి ఓఆర్ 20 వచ్చింది. తర్వాత రాష్ట్రం పేరే ఒడిశా అయ్యాక మేనల్లుడి బండి ఓడీ 20. మూడు బళ్లూ ఒకే అరుగు పక్కన నిలబడి ఉండగా తీసిన ఫొటో ఒకటి మా ఇంట్లో ఉంది.

సరే, పనిలోకి వస్తాను.

టెక్కలిలో ఉండగానే మా అమ్మాయి ఫోనులో భూలేఖ్ తెరిచింది. ఒడిశా భూముల రికార్డులన్నీ అందులో ఉంటాయి. ముందు జిల్లా ఎంచుకోవాలి, గజపతి. తర్వాత తహసీలు. ఆ జాబితాలో పర్లాకిమిడి ఉంది, కాశీనగరం ఉంది, గుమ్మ, మోహన, నువాగడ, రాయగడ, ఆర్ ఉదయగిరి ఉన్నాయి. గోసాని లేదు. పైకీ కిందకీ మూడుసార్లు చూశాం. పొలం ఉన్న ఊరు గోసానిలోదని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నాన్న సర్పంచి ఎన్నికలప్పుడు గోసాని పంచాయితీ సమితి అనడం వింటూ పెరిగాను. ఇంతకీ ఊరు ఏమైపోయిందని నాకు నిజంగా చెమట పట్టింది. మా ఆయన అయితే "ఎవరో కాజేసి ఉంటారు" అని తేల్చేశారు.

అర్థమయ్యాక సిగ్గేసింది. గోసాని బ్లాకు ఉంది, గోసాని తహసీలు లేదు. పొలం పర్లాకిమిడి తహసీలు కింద ఉంది. ఆంధ్రాలో ఈ గొడవ లేకపోవడానికి కారణం 1985 మే 25. ఎన్టీ రామారావు ప్రభుత్వం తాలూకాల్నీ సమితుల్నీ తీసేసి మండలాలు పెట్టిన రోజు. అప్పటి నుంచి తహసీల్దారుకీ ఎంపీడీఓకీ హద్దు ఒక్కటే. పాతపట్నం మండలం అంటే భూమికీ అదే, పింఛనుకీ అదే, ఓటుకీ అదే. ఒడిశాలో ఆ కలపడం జరగలేదు. ఇక్కడ భూమిని చూసేది తహసీలు, అభివృద్ధిని చూసేది బ్లాకు. రెండూ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు అవసరాలకి గీసినవి. తహసీళ్లు 317 ఉంటే బ్లాకులు 314. అంకెలు దగ్గరదగ్గరగా ఉండేసరికి రెండూ ఒకటే అనుకుంటాం. మా జిల్లాలో అయితే ఏడూ ఏడూ. కాని ఆ ఏడింటిలో ఆరింటి పేర్లు కలుస్తాయి, ఒకటి కలవదు. మాది ఆ కలవనిది.

ఇదంతా నాకు విడమరిచి చెప్పింది మా వీధి చివర ఉండే అమీను బాబాయి. సర్వే శాఖలో గొలుసు పట్టుకుని ముప్పై అయిదేళ్లు పొలాలు కొలిచి రిటైరయ్యారు. ఇప్పుడు ఎవరికి ఏ కాగితం కావాలన్నా ఆయన అరుగే ఆఫీసు. మందుల చీటీ వెనక్కి తిప్పి, దానిమీద రెండు నిచ్చెనలు గీశారు.

"ఇదిగో అమ్మా, ఇది రెవెన్యూ. అన్నిటికంటే పైన కటక్‌లో బోర్డ్ ఆఫ్ రెవెన్యూ. దాని కింద రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేశారు. ఉత్తరానికి సంబల్‌పూర్, మధ్యకి కటక్, మనకి బరంపురం. ఒక్కోదానికి ఆర్‌డీసీ, అంటే రెవెన్యూ డివిజనల్ కమిషనరు. ఒక్కో ముక్కకి సరిగ్గా పదేసి జిల్లాలు. మన ముక్కలో గంజాం నుంచి మల్కన్‌గిరి దాకా ఉంటాయి, నువాపడా కూడా మనదే. జిల్లాకి కలెక్టరు, సబ్‌డివిజన్‌కి సబ్ కలెక్టరు. మన గజపతికి సబ్‌డివిజన్ ఒక్కటే. గంజానికి మూడున్నాయి, ఛత్రపురం, బరంపురం, భంజనగర్. రాష్ట్రం మొత్తం మీద యాభై ఎనిమిది. కింద తహసీల్దారు, ఆయన కింద ఆరై, ఆరై సర్కిల్ కింద మౌజా. నీ పొలం ఉండేది ఈ నిచ్చెన మీద."

ఆరై అంటే రెవెన్యూ ఇన్స్పెక్టరు. ఇక్కడ ఎవరూ పూర్తిమాట అనరు.

"మరి గోసాని?"

రెండో నిచ్చెన చూపించారు. "ఇది వేరు. జిల్లా పరిషత్తు, పంచాయితీ సమితి, గ్రామ పంచాయితీ, వార్డు. సమితి ఉన్న చోటే బ్లాకు, దానికి బీడీఓ, అంటే బ్లాకు డెవలప్‌మెంట్ ఆఫీసరు. ఇల్లు శాంక్షనవ్వాలన్నా, ఉపాధి పని కావాలన్నా ఇటు రావాలి. పొలం పట్టాకి బీడీఓ దగ్గరికెళ్తే కుర్చీ వేసి కూర్చోబెట్టి టీ ఇస్తాడు, అంతే."

పంచాయితీ ఎన్నికల్లో నాలుగు బ్యాలెట్లు ఎందుకిస్తారో నాకు అప్పుడు వెలిగింది. వార్డు మెంబరుకి ఒకటి, సర్పంచికి ఒకటి, సమితి మెంబరుకి ఒకటి, జిల్లా పరిషత్తుకి ఒకటి. ఒకసారి నాయనమ్మ నాలుగు రంగుల కాగితాలు చేతికిచ్చారని కంగారుపడి, నాలుగిటిమీదా ఒకే గుర్తు కోసం వెతుక్కుని ఇంటికొచ్చి నాన్నతో చీవాట్లు తింది.

"ఇంకో గీత కూడా ఉంది గాని, నీకక్కర్లేదు," అన్నారు బాబాయి. అక్కర్లేదంటే నేను ఊరుకుంటానా. చెప్పించుకున్నాను. రాజ్యాంగం ఐదో షెడ్యూలు ప్రాంతాల జాబితాలో మా జిల్లా అంతా లేదు, కొంత భాగమే ఉంది. ఆర్ ఉదయగిరి తహసీలు, గుమ్మ, రాయగడ బ్లాకులు ఉన్నాయి. అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనడానికి లేదు. గోసాని, కాశీనగరం ఆ గీతకి ఇవతల. తమాషా ఏంటంటే ఆ జాబితాలో ఒక చోట తహసీలు లెక్క, ఇంకో చోట బ్లాకు లెక్క. ఎప్పటి హద్దులో అప్పటివే. కొత్త తహసీళ్లు తర్వాత వచ్చినా ఆ జాబితా పాత మాటల్లోనే ఉండిపోయింది.

ఆ మందుల చీటీ ఇప్పటికీ నా పర్సులో ఉంది.

మొదటి పని వారసుల సర్టిఫికెట్. దాన్నిచ్చేది తహసీల్దారే. కంప్యూటరు సెంటర్‌లో దరఖాస్తు పెట్టించాం. నాన్న మరణ ధ్రువపత్రం, అమ్మ ఆధారు, మా అందరివీ, వంశవృక్షం, అఫిడవిట్టు. అక్కడే నేను కిటికీ దగ్గర మండలం అని పరువు పోగొట్టుకున్నది. నవ్విన ముసలాయన తర్వాత పక్కన కూర్చుని తన గోడు చెప్పుకున్నాడు. ఆయనది మా జిల్లాలోనే రాయగడ. కొడుకు హైదరాబాదులో ఉంటూ, తండ్రికి ఆదాయ ధ్రువపత్రం కోసం అక్కడి నుంచే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాడు. జిల్లా గడిలో రాయగడ కనబడగానే నొక్కేశాడు. అది రాయగడ జిల్లాకి పోయింది. ఆ రాయగడ వేరే, 1992లో కోరాపుట్ నుంచి విడిపోయిన జిల్లా. ఈయన రాయగడ గజపతిలో ఒక బ్లాకు, ఒక తహసీలు. ఇరవై రోజుల తర్వాత, ఆ పేరుగల ఊరు మా దగ్గర లేదని తిప్పి పంపారు. "నన్ను చూసి నవ్వారు గాని, మీవాడు నాకంటే గొప్పవాడు," అన్నాను. ఈసారి ఇద్దరం నవ్వాం. ఉదయగిరులు కూడా రెండుండబట్టే ముందు అక్షరాలు తగిలించారు, మాది ఆర్ ఉదయగిరి, కంధమాల్‌లోది జీ ఉదయగిరి. రాయగడకి ఆ అక్షరం ఎవరూ తగిలించలేదు, అదే చిక్కు.

ఆరైగారు విచారణకి ఇంటికొచ్చారు. కుర్రాడు, బాలేశ్వర్ వైపు మనిషి. తెలుగు రాదు, కాని వీధిలో అందరూ తెలుగే మాట్లాడుతుంటే నవ్వుతూ వింటాడు. అమ్మ కాఫీ ఇస్తూ, "అమ్మాయి పేరు అక్కర్లేదు బాబూ, దానికి పెళ్లైపోయింది, తమ్ముడి పేరు రాయండి చాలు" అంది. నేను ఒడియాలోకి మార్చి చెప్పేలోపే ఆయనకి అర్థమైపోయింది. ఇలాంటి మాటలు ఎన్ని ఇళ్లలో విన్నాడో. పెళ్లైన కూతురు కూడా వారసురాలే, పేరు తీసేసి ఇస్తే రేపు మీ సర్టిఫికెట్టే చెల్లదు, కావాలంటే తర్వాత ఆమె వాటా వదులుకోవచ్చు అని నెమ్మదిగా చెప్పాడు. అమ్మ మొహం చిన్నబోయింది. నాకు మటుకు ఆ కుర్రాడు భలే నచ్చాడు. పొలం తమ్ముడికే వదిలేద్దామన్నది నా మనసులో ముందే ఉంది. కాని అది నేను వదలాలి, కాగితం మీద నేను లేకుండా పోవడం వేరు.

నాన్నకి వారసుల సర్టిఫికెట్ సులువుగానే వచ్చింది. తాత దగ్గర బండి ఆగింది. పట్టా తాత పేరున ఉంది. తాత పోయింది 1974లో, పల్లెలో. మరణం నమోదు చేయించాలని ఎవరికి తోచింది? పైగా పట్టాలో తాత ఇంటిపేరు ఒడియాలో రాసేటప్పుడు ఒక అక్షరం మారింది. తెలుగు దస్తావేజులో ఒకలా, ఒడియా పట్టాలో ఒకలా. ఏ సెటిల్‌మెంటు సర్వేలో ఏ గుమస్తా చెవికి ఎలా వినబడిందో. ఇద్దరూ ఒకరే అని చూపించాలంటే నడిమి కాగితం ఏదైనా కావాలన్నారు. 1992కి ముందుది కాబట్టి పాత జిల్లా రికార్డు రూములో అడిగి చూడండన్నారు.

పాత జిల్లా అంటే గంజాం. గంజాం జిల్లా కేంద్రం గంజాంలో ఉండదు, పెద్ద ఊరైన బరంపురంలోనూ ఉండదు. ఛత్రపురంలో ఉంటుంది. నాకు తెలిసిన ఆంధ్రా వాళ్లలో ఒక్కరూ దీన్ని మొదటిసారే నమ్మలేదు. గంజాం అనే ఊరు రుషికుల్య ఒడ్డున సముద్రం పక్కనుంది. ఒకప్పుడు కుంపిణీవాళ్ల కొలువు అక్కడే. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో విషజ్వరాలు తగిలి జనం పిట్టల్లా రాలిపోతే దొరలు ఊరొదిలేశారు. పేరు జిల్లాకి మిగిలింది, కొలువు వేరే చోటికి పోయింది. పర్లా నుంచి బరంపురం, అక్కడి నుంచి ఛత్రపురం. పొద్దున్న మొదటి బస్సెక్కితే ఆఫీసు తెరిచాక గాని చేరం. మా జిల్లా ఎందుకు పుట్టిందో ఆ బస్సులో కూర్చుంటే ఎవరూ చెప్పక్కర్లేదు. మోహన కొండల్లోంచి ఒక సవర రైతు కలెక్టరుకి అర్జీ పెట్టుకోవాలంటే 1992కి ముందు రెండ్రోజుల కూలి పోవాల్సిందే. నాన్న అప్పట్లో "మన జిల్లా చిన్నదైపోయింది, ఇక ఎవడు లెక్కచేస్తాడు" అని బాధపడేవారు. ఆయన ఛత్రపురం బస్సు ఎక్కిన మనిషి కాదు కదా.

మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి థానా నంబరు రాసుకెళ్లలేదు. మౌజా పేరు చెబితే చాలనుకున్నాను. ఒకే పేరుతో నాలుగు మౌజాలుంటాయట, వాటిని విడదీసేది థానా నంబరే. పోలీసు స్టేషనుకీ నా పొలానికీ సంబంధమేంటని నేను పట్టాలో ఆ గడిని ఏనాడూ పట్టించుకోలేదు. రెవెన్యూ వాళ్లు పల్లెల్ని లెక్కపెట్టుకోవడానికి థానా వారీగా వరస నంబర్లు వేసుకున్నారు, అంతే. మనం పేరుతో పిలుస్తాం, వాళ్లు నంబరుతో. రెండోసారి నంబరు తీసుకెళ్లి దరఖాస్తు పెట్టి, కోర్టు ఫీజు స్టాంపులంటించి వచ్చాను. మూడోసారి నకలు చేతికొచ్చింది. అందులో తాత పేరు పక్కన ఆయన తండ్రి పేరు, కులం, ఊరు ఉన్నాయి. ఆ తండ్రి పేరే 1931 తెలుగు దస్తావేజులో కొన్నవాడి పేరు. ముడి పడింది. బస్సులో వస్తూ ఆ నకలు ఎన్నిసార్లు మడిచి విప్పానో. ఒడియా అక్షరాల్లో మా ముత్తాత పేరు చదవడం అదే మొదటిసారి, కొంచెం ముద్దుగా వినిపించింది.

తర్వాతిదంతా వేగంగా జరిగింది. మ్యుటేషన్, అంటే పట్టాలో పేరు మార్పు, దానికి దరఖాస్తు, కేసు నంబరు, అభ్యంతరాలుంటే చెప్పమని నోటీసు, దానికి నెల గడువు. ఆరై రిపోర్టు. తహసీల్దారు గుమస్తా పెస్కారు పిలిస్తే వెళ్లి సంతకం. తహసీల్దారు ఉత్తర్వు నచ్చకపోతే సబ్ కలెక్టరు దగ్గరికి అప్పీలుకెళ్లొచ్చు. మాకు ఆ అవసరం రాలేదు. నోటీసు ఇచ్చాక పక్క పొలం ఆయన వచ్చి గట్టు సంగతి ఎత్తాడు గాని, అమీను బాబాయి వెళ్లి అడుగులతో కొలిచి చూపించి, తాంబూలం తిని వచ్చేశారు.

ఈ మధ్యలోనే ఇల్లు కూడా కానిచ్చేద్దామని మున్సిపాలిటీకి వెళ్లి ఇంకో పాఠం నేర్చుకున్నాను. పర్లాకిమిడి మున్సిపాలిటీ 1885 నాటిది, మద్రాసు కాలపుది. పట్టణానిది మళ్లీ మూడో నిచ్చెన. పదివేలు దాటి ఇరవై అయిదు వేల లోపు జనం ఉంటే ఎన్నేసీ, అంటే నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్. ఆంధ్రాలో నగర పంచాయితీ లాంటిది. మా జిల్లాలో కాశీనగరం అలాంటిదే. ఇరవై అయిదు వేలు దాటితే మున్సిపాలిటీ, మూడు లక్షలు దాటితే కార్పొరేషను. బరంపురం 2008లో కార్పొరేషనయింది. ఈ నిచ్చెన మీద బీడీఓ లేడు, సమితి లేదు, సర్పంచి లేడు. జిల్లా పరిషత్తుకి పట్టణం వాళ్లు ఓటెయ్యరు. అమ్మకి నాలుగు రంగుల బ్యాలెట్లు ఎప్పుడూ దొరక్కపోవడానికి కారణం ఇదే.

నేననుకున్నదేంటంటే, ఊళ్లో ఇల్లు కాబట్టి మున్సిపాలిటీలో హోల్డింగు పన్నులో, అంటే ఇంటిపన్నులో, పేరు మారిస్తే ఇల్లు మారినట్టేనని. కాదట. హోల్డింగు మారితే పన్ను ఎవరు కట్టాలో మారుతుంది. ఇంటి కింద నేల మళ్లీ ఒక మౌజాలో ఒక ప్లాటే. దాని పట్టాకి మళ్లీ తహసీలుకే రావాలి. పల్లె పొలానికీ పట్నం ఇంటికీ భూమి నిచ్చెన ఒక్కటే, మిగతావి వేరు. వార్డు, బ్లాకు, పంచాయితీ మారొచ్చు, పల్లె మున్సిపాలిటీలో కలిసిపోవచ్చు. మౌజా మాత్రం కదలదు. కిటికీ దగ్గర ఆ అబ్బాయి మొట్టమొదట మౌజా పేరే ఎందుకడిగాడో అన్నాళ్లకి తెలిసింది.

టెక్కలిలో మావాళ్లకి ఇదంతా చెబితే చాదస్తంగా ఉంది. "మీ ఒడిశా వాళ్లు కూడా మండలాలు పెట్టేసుకుంటే పోయేదిగా" అంది మా ఆడపడుచు. పెట్టుకుంటే మంచిదేనేమో, ఒక్క చోటికెళ్తే పనయిపోతుంది. కాని మా వైపు కూడా 2022 ఏప్రిల్ 4న పదమూడు జిల్లాలు ఇరవై ఆరయ్యాయి. పాలకొండ మొన్నటిదాకా శ్రీకాకుళం, ఇప్పుడు పార్వతీపురం మన్యం. ఆ ఆడపడుచు అత్తగారి ఊరు పాలకొండే. ఆవిడ ఆధారులో ఇప్పటికీ శ్రీకాకుళం జిల్లా అనే ఉంది. ఆ మాటన్నాక చాదస్తం అనడం మానేసింది.

కొత్త పట్టా పోయిన శ్రావణంలో వచ్చింది. కంప్యూటరు ముద్ర, పూర్తిగా ఒడియాలో. ఖాతా నంబరు కొత్తది, ప్లాటు నంబరు పాతదే, కిసమ్ శారద, అంటే వరి పొలం. అమ్మ పేరు, నా పేరు, తమ్ముడి పేరు. అమ్మకి ఒడియా చదవడం రాదు. నా పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది, చూపించాను. ఆ వేలు అక్కడే ఉంచి కాసేపు చూసి, "పోనీలే, ఉండనీ" అంది. వాటా వదులుకునే కాగితం సంగతి నేనూ ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు.

ఇల్లు మిగిలింది. దసరాకి తమ్ముడు సూరత్ నుంచి వస్తాడు, అప్పుడు అందరం కలిసి వెళ్దామనుకున్నాం. నేను బయల్దేరే రోజు అమ్మ రేకు డబ్బాలోని కాగితాలన్నీ తీసి మంచం మీద పరిచి విడివిడిగా కట్టలు కట్టింది. పొలానివి ఒక కవరులో పెట్టి పైన తెలుగులో "తహసీలు" అని రాసింది. పన్ను రసీదులు ఇంకో కవరులో, "మున్సిపాలిటీ" అని. మూడో కవరు చేతిలో పట్టుకుని ఆగింది.

"బ్లాకు కాగితాలంటూ మనకేవీ లేవా?"

లేవన్నాను. అయినా ఆ ఖాళీ కవరు కూడా డబ్బాలోనే పెట్టి మూతేసింది.